సంఘంలో ఒకరి మీద మాట వచ్చినప్పుడు: పెద్దలు చేయాల్సిన పని, దేవునికి వదలాల్సిన పని

ఆరాధన ముగుస్తుంది. చెప్పులు వేసుకునే చోట ఎవరో పక్కకు పిలిచి, "ఫలానా బ్రదర్ సంగతి విన్నారా అయ్యగారూ?" అంటారు. అక్కడి నుంచి చాలా సంఘాల్లో రెండు దారులే కనిపిస్తాయి. ఒకటి, "తీర్పు తీర్చకుడి అన్నాడు ప్రభువు, మనకెందుకు" అని చేతులు దులుపుకోవడం. రెండోది, అదే సాయంత్రం గృహకూడికలో కాఫీ తాగేలోపు విచారణ, తీర్పు, శిక్ష అన్నీ అయిపోవడం. రెండూ వాక్యానికి విరుద్ధమే. సంఘ పెద్దలు, కమిటీ సభ్యులు, స్త్రీల సమాజం నడిపేవాళ్లు పాటించదగ్గ పద్ధతి ఇక్కడ ఇస్తున్నాం. మీ సంఘం సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు వంటి వ్యవస్థకు చెందినదైతే దానికి రాసిన నియమావళి ఉంటుంది. ముందు దాన్ని తీసి చదవండి. స్వతంత్ర సంఘాల్లో అలాంటిదేమీ లేకపోవడమే సగం గొడవలకు మూలం.

తీర్పు తీర్చకూడదంటే ఏది తీర్చకూడదు?

మత్తయి 7:1లో తీర్పు అనే చోట ఉన్న గ్రీకు మాట క్రీనో. వేరుచేసి చూడటం, నిర్ణయించడం, న్యాయస్థానంలో తీర్పు చెప్పడం, నేరస్థుడని శిక్ష వేయడం, అన్నిటికీ అదే మాట. ఇక్కడ ఏ అర్థమో పక్క వచనాలే చెబుతాయి. అదే అధ్యాయం 6వ వచనంలో ముత్యాలు పందుల ముందు వేయవద్దన్నాడు. 15వ వచనంలో అబద్ధ ప్రవక్తల విషయం జాగ్రత్త అన్నాడు, వాళ్లను ఫలాలను బట్టి తెలుసుకోమన్నాడు. వేరుచేసి చూడకుండా ఇవేవీ కుదరవు. లూకా 6:37లో ఇదే బోధ పక్కన "నేరము మోపకుడి" అని ఉంది. యోహాను 7:24లో వెలిచూపును బట్టి కాక న్యాయమైన తీర్పు తీర్చమని ప్రభువే చెప్పాడు. కాబట్టి నిషేధం కళ్లు తెరిచి చూడటం మీద కాదు, దేవుని కుర్చీలో కూర్చోవడం మీద.

ఆచరణలో దీన్ని ఇలా విడదీయండి. మనిషి ఏం చేశాడు, ఏమన్నాడు అనేది విచారించి తేల్చగలిగిన సంగతి. అది మన పని. ఎందుకు చేశాడు, మనసులో ఏముంది అనేది 1 కొరింథీ 4:5 ప్రకారం ప్రభువు వచ్చేవరకు ఆగాల్సిన సంగతి. అతను రక్షింపబడినవాడా కాదా, నరకానికి పోతాడా అన్నది అసలు మన బల్ల మీదికే రాకూడదు. మినిట్స్ పుస్తకంలో "గర్వంతో", "దురాశతో", "సాతాను ప్రేరణతో" లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయండి. అవి ఎవరూ చూసినవి కావు.

ఇంకో జల్లెడ కూడా పట్టాలి. వచ్చిన ఫిర్యాదు వాక్యం పేరు పెట్టి పాపమని చెప్పిన దాని గురించా, మన సంఘపు అలవాటు గురించా? దొంగతనం, వ్యభిచారం, అబద్ధ సాక్ష్యం, పనివాడి కూలి ఎగ్గొట్టడం మొదటి రకం. బొట్టు, పూలు, నగలు, తెల్లచీర, పండుగ రోజు ఇంట్లో ఏం వండారు అన్నవి రెండో రకం. వీటిలో చాలా వరకు రోమా 14లో తిండి, దినాల గురించిన వాదాల లాంటివే. అక్కడ పౌలు అడిగింది "పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?" అని. రెండో రకం ఫిర్యాదు వస్తే బోధించవచ్చు, మాట్లాడవచ్చు. విచారణ మాత్రం పెట్టకండి. విచిత్రమేమిటంటే సంఘాల్లో ఎక్కువ కాలం తినేది ఈ రెండో రకమే. కూలి ఎగ్గొట్టిన పెద్దమనిషి మీద ఫిర్యాదు ఎప్పుడోగానీ రాదు.

సంఘం బయటివాళ్ల విషయమైతే 1 కొరింథీ 5:12, 13 స్పష్టంగా ఉంది: వాళ్లకు తీర్పు తీర్చేవాడు దేవుడు. అలాగే ఎవరింట్లోనో ప్రమాదమో జబ్బో వస్తే "దేవుడు కొట్టాడు" అనడం కూడా తీర్పే. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులా అని అడిగి కాదని చెప్పాడు యేసు (లూకా 13:4, 5). పరామర్శకు వెళ్లినప్పుడు ఆ మాట నోట రానివ్వకండి.

ముందు దూలం

సహోదరుడి కంట్లో నలుసు తీసేముందు నీ కంట్లో ఉన్న దూలం తీసుకో అన్నాడు యేసు (మత్తయి 7:3-5). తెలుగు బైబిలులో దూలం అన్న మాట భలే కుదిరింది. గ్రీకులో ఉన్నది కూడా ఇంటి కప్పు మోసే దూలమే. నలుసు అన్నచోట ఉన్నది ఎండుగడ్డి ముక్క, చెక్క పేడు లాంటిదాన్ని చెప్పే మాట. దూలం తీసుకోవడం అంటే తల వంచి ఒక నిమిషం ప్రార్థించడం కాదు. విచారణలో కూర్చునే ప్రతి పెద్ద విడిగా కాగితం మీద ఈ ప్రశ్నలకు జవాబు రాయాలి:

1. ఇతనితో నాకు పొలం, డబ్బు, పెళ్లి సంబంధం వంటి వ్యవహారం ఏదైనా నడుస్తోందా?
2. కమిటీ ఎన్నికల్లో ఇతను నాకు పోటీయా?
3. ఇదే తప్పు నా కొడుకో అల్లుడో చేస్తే నేను ఏం చేసేవాణ్ని?
4. ఇదే పాపం, లేదా దీని చిన్నచెల్లెలు, ఇప్పుడు నా జీవితంలో ఉందా?

మొదటి రెండింటిలో దేనికైనా అవునని వస్తే ఆ పెద్ద పక్కకు తప్పుకోవాలి, కారణం మినిట్స్‌లో రాయాలి. మూడోదానికి వచ్చిన జవాబే మీ కొలపాత్ర. "మీరు కొలుచు కొలత చొప్పుననే మీకును కొలువబడును" అన్న మాట అక్కడే తగులుతుంది. నాలుగోదానికి అవునని వస్తే ముందు తన సంగతి ఒప్పుకుని సరిచేసుకోవాలి. ఈ పేరుతో నెలల తరబడి వాయిదా వేయడమూ తప్పే. ఎందుకంటే 5వ వచనం అక్కడ ఆగలేదు. దూలం తీశాక నలుసు తీయడానికి తేటగా కనబడుతుందంది. నలుసు తీయాల్సిందే, పిల్లవాడి కంట్లో నలుసును తల్లి కొంగు కొసతో తీసినట్టు.

మొదటి మెట్టు: ఒంటరిగా

మత్తయి 18:15 నుంచి 17 వరకు ఉన్న మూడు మెట్లు (ఒంటరిగా మాట్లాడటం, సాక్షులతో వెళ్లడం, సంఘానికి చెప్పడం) అందరికీ కంఠతా వచ్చు, ఎవరూ ఎక్కరు. ఎక్కువ తప్పులు జరిగేది మొదటి మెట్టు దగ్గరే.

ఫిర్యాదు తెచ్చినవాణ్ని కూర్చోబెట్టి నాలుగు అడగండి. నువ్వు కళ్లారా చూశావా? లేకపోతే ఎవరు చెప్పారు? ఎప్పుడు, ఎక్కడ? అతనితో మాట్లాడావా? నాలుగోదానికి లేదంటే, "ముందు వెళ్లి మాట్లాడు, ఆదివారంలోపు నాకు కబురు చెప్పు" అని పంపేయండి. ఏమీ రాసుకోకండి. చెవిన పడిన మాట మోసుకొచ్చినవాడు కాదు, నష్టపోయినవాడు లేదా స్వయంగా చూసినవాడు వెళ్లాలి. కొన్ని ప్రాచీన ప్రతుల్లో 15వ వచనంలో "నీయెడల" అన్న మాట లేదు. అందుకే చూసినవాడికి కూడా ఈ బాధ్యత వర్తిస్తుందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు.

తెలుగులో "గద్దించుము" అని ఉండటంతో మనవాళ్లు గొంతు పెంచి మొదలుపెడతారు. అక్కడున్న గ్రీకు క్రియ ఎలెంఖో. ఆధారం చూపి తప్పు తెలిసేలా చేయడం అని దాని భావం, అరుపులతో పనిలేదు. కాబట్టి "నువ్వు దొంగవి" అనకండి. "పోయిన నెల రెండో ఆదివారం కానుకల లెక్కలో 4,000 రూపాయలు తక్కువ వచ్చాయి, ఆ రోజు పెట్టె తెరిచింది నువ్వూ ఇంకొకరూ, ఏం జరిగిందో చెప్పు" అనండి. ఆ తర్వాత నోరు మూసుకుని వినండి. ఇది మెత్తదనం కాదు, దేవుని పద్ధతి. ఏదెనులో అన్నీ తెలిసీ ఆయన ముందు అడిగాడు: ఎక్కడున్నావు, తిన్నావా, నువ్వు చేసినదేమిటి? కయీనునూ అడిగాడు. సొదొమ గురించి మొర వినబడితే, దిగివెళ్లి చూస్తానన్నాడు (ఆదికాండము 18:21). అన్నీ తెలిసినవాడు అడిగి, చూసి తీర్పు తీరిస్తే, సగం తెలిసిన మనం అడగకుండా తీర్చేస్తామా?

చోటు, వేళ కూడా చూసుకోండి. అత్తమామలు, పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు వద్దు. ఫోన్‌లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. అక్షరాల్లో స్వరం వినబడదు, పైగా అది స్క్రీన్‌షాట్ అయి ఊరంతా తిరుగుతుంది. ప్రభురాత్రి భోజనానికి అయిదు నిమిషాల ముందు కూడా వద్దు. మగవాళ్లు ఆడవాళ్లతో మాట్లాడాల్సి వస్తే నలుగురికీ కనబడేచోట, మాట మాత్రం వినబడనంత దూరంలో కూర్చోవాలి.

అతను ఒప్పుకుని, మానుకుని, జరిగిన నష్టం సరిచేస్తే కథ అక్కడితో అయిపోయింది. ఎవరికీ చెప్పకూడదు. "పేరు చెప్పను గానీ ఒక కుటుంబం కోసం ప్రార్థించండి" అని ఉపవాస ప్రార్థనలో మొదలుపెట్టే అలవాటు ఉంది చూశారా, ఇరవై కుటుంబాల సంఘంలో పేరు చెప్పకపోతే మాత్రం ఎవరికి తెలియదు? ప్రార్థన అంశం ముసుగేసుకున్న చాడీ అది. కూడిక నడిపేవారే అక్కడికక్కడ ఆపాలి.

రెండో మెట్టు: సాక్షులు

అతను వినకపోతే ఒకరినో ఇద్దరినో వెంటబెట్టుకుని వెళ్లాలి. ఈ నియమం ద్వితీయోపదేశకాండము 19:15 నుంచి వచ్చింది. ఆ భాగం 19వ వచనం దాకా చదవండి. న్యాయాధిపతులు బాగుగా విచారించాలి, సాక్షి అబద్ధికుడని తేలితే అతను ఎదుటివాడికి చేయదలచినదే అతనికి చేయాలి. ఫిర్యాదుదారుకు ఈ భాగం ముందే చదివి వినిపించండి. చాలా ఫిర్యాదులు అక్కడే ఆవిరైపోతాయి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. పొగ ఎవరు పెట్టారో కూడా చూడాలి కదా. ఒకరు చెప్పగా విన్న పదిమంది పదిమంది సాక్షులు కారు, ఒక్కరే. అతను స్వయంగా చూసినవాడు కాకపోతే ఆ ఒక్కరూ లేనట్టే. స్క్రీన్‌షాట్ తెస్తే దాని పైనా కిందా ఉన్న సందేశాలు కూడా అదే ఫోన్‌లో చూపించమనండి. కాల్ రికార్డింగ్ అయితే మొత్తం వినండి, ముక్క కాదు. ప్రతి వాంగ్మూలం విడిగా వినాలి. సాక్షులందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే మొదటివాడి మాటే మిగతావాళ్ల జ్ఞాపకం అవుతుంది. చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, తేదీతో సంతకం తీసుకోండి. చదువు రానివారైతే వాళ్లకు నమ్మకమైన మనిషి ఎదుట వేలిముద్ర.

ఆరోపణ ఎదుర్కొంటున్నవాడికి ఆరోపణ ఏమిటో రాసి ఇవ్వాలి, సిద్ధపడటానికి కనీసం వారం గడువు ఇవ్వాలి. మొదట మాట్లాడినవాడి పక్షం ఎప్పుడూ న్యాయంగానే కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాకే సంగతి తేటపడుతుంది అంటుంది సామెతలు 18:17. ఒకరికి గంట ఇస్తే రెండోవారికీ గంట ఇవ్వండి. కుర్చీలు కూడా ఒకేలాంటివి వేయండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, బీదవాడికి పాదపీఠం దగ్గర చోటు ఇవ్వడాన్ని యాకోబు 2 అన్యాయపు తీర్పు అంది. మందిరానికి స్లాబు వేయించిన దాతను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టడానికి మనకు చెయ్యి రాదు. అదే పరీక్ష. లేవీయకాండము 19:15 ఇంకో వైపు కూడా కాపలా కాస్తుంది: బీదవాడని జాలిపడి కూడా తీర్పు వంచకూడదు.

ఈ మెట్లు వాడకూడని చోటు

పిల్లల మీద లైంగిక వేధింపు, ఆడవాళ్ల మీద దాడి, ఇంట్లో కొట్టడం వంటి నేరాల్లో "ముందు నువ్వొక్కదానివే వెళ్లి మాట్లాడు" అనడం ఘోరం. మత్తయి 18 సహోదరుల మధ్య తప్పిదానికి ఇచ్చిన దారి. బాధితురాలిని దాడి చేసినవాడి ఎదుటికి పంపే దారి కాదు. అదే అధ్యాయం 6వ వచనంలో చిన్నవారిని అభ్యంతరపరచేవాడి మెడకు తిరుగటి రాయి కట్టే మాట ఉందని మరవద్దు. రోమా 13 దుష్కార్యాలకు శిక్ష వేసే పని అధికారులకు అప్పగించింది.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయమైతే ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, జరిమానా లేదా రెండూ. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరం దాచితే ఏడాది వరకు. పిల్లల సహాయానికి 1098, స్త్రీలకు 181. పెద్దలు ముందు తామే "నిజమో కాదో తేల్చుకుందాం" అని పిల్లను నలుగురిలో ప్రశ్నించకూడదు. దానివల్ల పిల్ల మరింత నలుగుతుంది, అసలు దర్యాప్తు కూడా చెడుతుంది. పెద్దల పని ఆ కుటుంబానికి అండగా నిలబడటం, బాధితుల పేరు బయటకు పొక్కకుండా కాపాడటం, ఆరోపణ ఉన్నవాణ్ని పిల్లల దగ్గరి పనులన్నిటి నుంచి వెంటనే తప్పించడం. "అన్యుల ఎదుట వ్యాజ్యెమాడకూడదు" అని 1 కొరింథీ 6 చూపించేవారు ఉంటారు. అది సహోదరుల మధ్య ఆస్తిపాస్తుల తగాదాల మాట.

పాస్టరు మీదే వస్తే

"నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అనే వచనం మొదటి నిమిషంలోనే వస్తుంది. కీర్తన 105:15 తీసి ముందూ వెనకా చదవండి. అక్కడ సంగతి అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులను రాజులు హింసించకుండా దేవుడు కాపాడటం. తనను తరుముతున్న సౌలు రాజును చంపనన్న దావీదు కూడా ఊరుకోలేదు. గుహ బయట నిలబడి, సౌలు వస్త్రం నుంచి కోసిన చెంగు ముక్క చూపించి, తప్పు నీదేనని బిగ్గరగా చెప్పి, నీకూ నాకూ మధ్య యెహోవా న్యాయం తీరుస్తాడన్నాడు (1 సమూయేలు 24). చెయ్యి ఎత్తలేదు, నోరు మూసుకోలేదు.

1 తిమోతి 5:19 పెద్దకు ఇచ్చే రక్షణ ఒక్కటే: ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా ఆరోపణ తీసుకోవద్దు. ఆ వెంటనే 20వ వచనం, పాపం తేలితే అందరి ఎదుటా గద్దించమంటుంది. 21 పక్షపాతం వద్దంటుంది. విచారణకు పాస్టరు బంధువులు, ఆయన నియమించినవారు కాకుండా వేరే సంఘాల పెద్దలను ముగ్గురిని పిలవండి. డబ్బు సంగతైతే బయటి ఆడిటరు. విచారణ ముగిసేదాకా ప్రసంగ వేదిక వేరొకరికి ఇవ్వాలి. లేకపోతే ఆదివారం ఆదివారం ప్రసంగమే వాదన అవుతుంది.

వెలి కాదు

మూడో మెట్టులోనూ, అంటే సంఘానికి చెప్పాక కూడా, వినకపోతే "అన్యునిగాను సుంకరిగాను" ఎంచుకోమన్నాడు. ఈ మాట రాసిన సువార్త మత్తయి పేరున ఉంది, మత్తయి సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు. యేసు సుంకరులతో కూర్చుని భోజనం చేశాడు. అంటే ప్రభురాత్రి భోజనం, సభ్యత్వం, పదవులు ఆగుతాయి. వాక్యం వినడానికి రమ్మనే పిలుపు ఆగదు.

మన పల్లెల్లో వెలి అంటే వేరే బరువు ఉంది. నీళ్లూ నిప్పూ ఇవ్వకుండా ఊరు వెలేయడం ఎలా ఉంటుందో తాతల నాటి నుంచి తెలిసిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో. అలాంటి చోట క్రమశిక్షణ పేరుతో భార్యాపిల్లలతో మాట్లాడకపోవడం, పిల్లల్ని సండేస్కూల్‌కు రానివ్వకపోవడం, ఇంట్లో చావు జరిగితే సమాధి కార్యక్రమానికి వెళ్లకపోవడం చేయకూడదు. తప్పు చేసినవాడు ఒకడు, శిక్ష ఇంటిల్లిపాదికీనా?

సంఘంలో ప్రకటన చదవాల్సి వస్తే నాలుగు వాక్యాలు చాలు: ఏం తేలింది, ఎన్నిసార్లు మాట్లాడాం, ఏ నిర్ణయం తీసుకున్నాం, తిరిగి రావడానికి ఏం చేయాలి. వివరాలు, విశేషణాలు వద్దు. తర్వాత మైకు కట్టేయండి.

తిరిగి వచ్చినప్పుడు

కొరింథులో శిక్ష పొందినవాడి గురించి, జరిగిన శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే అధిక దుఃఖంలో మునిగిపోతాడు అని రాశాడు పౌలు (2 కొరింథీ 2:6, 7). గలతీ 6:1లో మంచిదారికి తీసుకురావడం అన్నచోట ఉన్న గ్రీకు క్రియనే మార్కు 1:19లో జెబెదయి కొడుకులు వలలు బాగుచేసుకోవడానికి వాడారు. తెగిన వల బాగుచేసే జాలరి దాన్ని కోపంతో లాగడు, ఒక్కో కన్నూ వేళ్లతో వెతికి ముడివేస్తాడు.

క్షమాపణకు గడువు అక్కర్లేదు. నష్టపరిహారానికీ పదవికీ గడువు కావాలి. సంఖ్యాకాండము 5:7 ప్రకారం తీసుకున్నదానికి అయిదో వంతు కలిపి ఇవ్వాలి. సంఘ నిధిలో 20,000 వాడుకుంటే 24,000, వాయిదాలతో అయినా సరే, రసీదుతో. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నది తనంతట తానే. దాన్ని జరిమానాగా మార్చి ఎవరి మీదా రుద్దకండి. తిరిగి డబ్బు పెట్టె తాళం చేతికివ్వడం వేరే విషయం. క్షమించినా దాన్ని ఇవ్వకపోవచ్చు. అది పగ కాదు, అతన్ని మళ్లీ శోధనలో పడేయకపోవడం.

పెద్దల్లో ఎవరికైనా మనసు కరగకపోతే అదే మత్తయి 18 చివర ఉన్న లెక్క కలిసి వేయండి. రాజు తన పదివేల తలాంతుల అప్పు క్షమించినా, తోటి దాసుడి నూరు దేనారాల బాకీ వదలని దాసుడి ఉపమానం అది. తలాంతు ఒకటికి సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 పనిదినాలు అనుకున్నా రెండు లక్షల ఏళ్ల సంపాదన. తోటి దాసుడు బాకీపడిన నూరు దేనారాలు మూడు నాలుగు నెలల కూలి. అది చిన్న మొత్తమేమీ కాదని గమనించండి. మనకు జరిగిన నష్టాన్ని ఉపమానం తక్కువ చేయలేదు, దాన్ని ఆరు లక్షల రెట్ల బాకీ పక్కన పెట్టింది.

ఏదీ తేలకపోతే

ఇది తరచుగా జరిగేదే. ఒకరి మాటకు ఇంకొకరి మాట, మూడో సాక్షి లేడు. అప్పుడు "నిర్ధారణ కాలేదు" అని రాయండి. "నిర్దోషి" అనీ వద్దు, "అనుమానం ఉంది" అనీ వద్దు. కొందరి పాపాలు తేటగా ముందే నడుస్తాయి, కొందరివి వెంట వస్తాయి అంటుంది 1 తిమోతి 5:24. వెంట వచ్చేవాటికి న్యాయాధిపతి ఉన్నాడు, ఆయన ఫైలు మూయడు. గురుగులను కోతదాకా గోధుమలతో కలిసి పెరగనివ్వమన్న ఉపమానం ఇక్కడ వాడతారు గానీ, ఆ పొలం లోకమని యేసే చెప్పాడు (మత్తయి 13:38), కాబట్టి విచారణే చేయకుండా ఉండటానికి దాన్ని సాకు చేసుకోవద్దు. ఇద్దరికీ నిర్ణయం ఒకే రోజు, ఒకే మాటల్లో చెప్పండి. వాంగ్మూలాలన్నీ కవరులో పెట్టి, అంటించి, అతుకు మీద ముగ్గురు పెద్దలు సంతకం చేసి, తేదీ వేసి సంఘ బీరువాలో పెట్టండి. ఎవరూ ఫోటో తీసుకోకూడదు. అదే మనిషి మీద మళ్లీ ఫిర్యాదు వస్తే తప్ప ఆ కవరు విప్పకూడదు.